పింగ్ జీ430 మ్యాక్సా, మ్యాక్స్ 10కేనా?

ప్రశ్న: నమస్కారం అండీ. మాది విశాఖపట్నం, వయసు 48. ఈస్ట్ పాయింట్ క్లబ్‌లో గోల్ఫ్ ఆడతాను, హ్యాండిక్యాప్ 19 (ఇది ఎంత తక్కువైతే ఆట అంత మెరుగు). పాత డ్రైవర్, అంటే మొదటి షాట్ దూరంగా కొట్టడానికి వాడే పొడవాటి క్లబ్, మార్చేద్దామని చూస్తున్నాను. పింగ్ జీ430 మ్యాక్స్, జీ430 మ్యాక్స్ 10కే, ఈ రెండింటి మధ్య తేల్చుకోలేకపోతున్నాను. చూడటానికి రెండూ ఒకలాగే ఉన్నాయి. పోయిన నెల హైదరాబాద్ వెళ్ళినప్పుడు సిమ్యులేటర్‌లో రెండింటితోనూ పదిహేనేసి బంతులు కొట్టాను. ముందు మ్యాక్స్. అది 10.5 డిగ్రీల లాఫ్ట్ (ఫేస్, అంటే బంతిని తాకే పలక, వెనక్కి వాలిన కోణం), రెగ్యులర్ షాఫ్ట్ (మామూలుగా వంగే కర్ర). సగటు క్యారీ, అంటే బంతి గాలిలో పోయిన దూరం, 186 గజాలు, అన్నిటికన్నా దూరం పోయింది 204. ఆ తర్వాత 10కే. అది 9 డిగ్రీలు, స్టిఫ్ (గట్టి) షాఫ్ట్. సగటు 184, అన్నిటికన్నా దూరం 229! స్వింగ్ వేగం సగటున గంటకు 90 మైళ్ళు చూపించింది. రెండింటితోనూ బంతులు ఎక్కువగా కుడికే పోయాయి, అది నాకు ముందునుంచీ ఉన్న జబ్బే. మా బావమరిది డాలస్‌లో ఉంటాడు, సంక్రాంతికి వస్తున్నాడు. అతని హ్యాండిక్యాప్ 6. అక్కడ తనే రెండూ కొట్టి చూసి, బాగున్నది తెస్తానంటున్నాడు. ఇద్దరిదీ కుడిచేతి వాటమే. నా మనసు 229 కొట్టిన 10కే మీదే ఉంది. ఏది తెమ్మనమంటారు?

సమాధానం: అంకెలతో సహా రాశారు, చాలా సంతోషం. ఆ అంకెల వల్లే మీకు సూటిగా జవాబు చెప్పగలుగుతున్నాను. మీరు రాసినదాన్ని బట్టి నా సలహా జీ430 మ్యాక్స్. 10.5 లాఫ్ట్, వెనక బరువు డ్రా వైపు, అంటే బంతిని ఎడమకు వంచే వైపు. షాఫ్ట్ రెగ్యులర్. అయితే డబ్బు కట్టేముందు మీరు వైజాగ్‌లోనే, మీ పాత డ్రైవర్‌తోనే ఒక పరీక్ష చేసుకోవాలి. అది నా సలహాను తిరగేసినా తిరగేయవచ్చు. దాని సంగతి కింద చెబుతాను.

ముందు ఆ 229 గురించి మాట్లాడుకుందాం, మీ మనసు అక్కడే ఉంది కాబట్టి. 90 మైళ్ళ వేగంతో ఊపితే, ఫేస్ నట్టనడుమ తగిలినా బంతి వేగం సుమారు 135 మైళ్ళు దాటదు. క్లబ్ వేగానికి ఒకటిన్నర రెట్లు, డ్రైవర్‌కు దాదాపు అదే పైఅంచు. బంతి వేగం కొలిచే రాడార్ యంత్రాలు చేసే ట్రాక్‌మ్యాన్ సంస్థ చాలాకాలంగా చూపుతూ వచ్చిన సగటుల పట్టికలో అమెరికా మహిళా ప్రొఫెషనల్స్, అంటే ఎల్‌పీజీఏ ఆటగాళ్ళు, 94 మైళ్ళ క్లబ్ వేగంతో 140 మైళ్ళ బంతి వేగం సాధిస్తారు. వాళ్ళ క్యారీ 218 గజాలు. రోజూ అదే పనిగా ఆడేవాళ్ళు, మీకన్నా నాలుగు మైళ్ళు ఎక్కువ వేగంతో 218 కొడుతుంటే, మీ 229ని ఎలా చూడాలి? ఆ ఒక్కసారికి మీరు మామూలుకన్నా చాలా గట్టిగా ఊపి ఉండాలి, లేదా యంత్రం స్పిన్‌ను (బంతి గిరగిరా తిరిగే వేగాన్ని) తక్కువగా చదివి ఉండాలి. రెండోదే ఎక్కువసార్లు జరుగుతుంది. నాలుగు గోడల మధ్య రాడార్ యంత్రాలు స్పిన్ సరిగ్గా చదవాలంటే బంతి మీద లోహపు చుక్కో, అందుకోసం తయారుచేసిన బంతో ఉండాలి. చవకరకం యంత్రాలైతే స్పిన్‌ను కొలవవు, లెక్కగట్టి ఊహిస్తాయి. ఏ యంత్రం మీద కొట్టారో, బంతులు ఏవో మీరు రాయలేదు.

ఇప్పుడు చిన్న లెక్క. 10కేతో పదిహేను బంతులు, సగటు 184, మొత్తం 2,760 గజాలు. అందులోంచి 229 తీసేస్తే మిగతా పద్నాలుగు బంతుల సగటు 181కి కొంచెం తక్కువ. మ్యాక్స్‌లోంచి కూడా 204 తీసేస్తే సగటు 185కి కొద్దిగా దిగువన నిలుస్తుంది. అంటే మీకు దూరం పోయిందనిపించిన డ్రైవర్ నిజానికి నాలుగు గజాలు వెనకబడింది. ఈ నాలుగు గజాలను పట్టుకుని మ్యాక్స్ గొప్పదని నేను అనడంలేదు. ఆ పోటీయే సరిసమానమైనది కాదు. ఒకదానికి 10.5 లాఫ్ట్, రెండోదానికి 9. ఒకదానికి రెగ్యులర్, రెండోదానికి స్టిఫ్. ఒకటి ముందు కొట్టారు, రెండోది ఒళ్ళు వేడెక్కాక కొట్టారు, లేదా అప్పటికే అలసిపోయి కొట్టారు. వచ్చిన తేడాలో హెడ్ (క్లబ్ తల) వాటా ఎంత, లాఫ్ట్ వాటా ఎంత, షాఫ్ట్ వాటా ఎంత? మీ అంకెల్లోంచి ఎవరూ విడదీయలేరు.

అసలు ఈ రెండు హెడ్‌ల మధ్య తేడా ఎక్కడుందో చెబుతాను, దాన్నిబట్టే మిగతాదంతా.

దూరంలో లేదు. ఇది ముందు మనసులోంచి తీసేయండి. ఫేస్ ఎంత స్ప్రింగులా పనిచేయవచ్చో గోల్ఫ్ నిబంధనలే హద్దు పెట్టాయి. బంతి తగిలే తాకిడి కాలాన్ని కొలిచే పరీక్షలో 239 మైక్రోసెకన్లు, పైన 18 సడలింపు, అంతే. పెద్ద కంపెనీలన్నీ ఆ హద్దు దాకా వచ్చి ఏళ్ళయింది. హెడ్ పరిమాణం కూడా అంతే. 1991లో కాలవే కంపెనీ బిగ్ బెర్తా తెచ్చినప్పుడు 190 సీసీ హెడ్ చూసి జనం నోరెళ్ళబెట్టారు. 2004 నుంచి 460 సీసీ అని గీత గీశారు, మీరడిగిన రెండూ ఆ 460 మీదే ఉన్నాయి. ఒకే కంపెనీ, ఒకే తరం, ఒకే హద్దులు. నడుమ తగిలిన బంతికి ఈ రెండూ ఇచ్చే వేగంలో మీరు గుర్తుపట్టగల తేడా ఉండదు.

తేడా ఉన్నది బరువు పంపకంలో. మ్యాక్స్ వెనకాల ఒక టంగ్‌స్టన్ బరువు ఉంటుంది, దాన్ని డ్రా, న్యూట్రల్ (మధ్య), ఫేడ్ (కుడి వంపు) అని మూడు చోట్ల ఎక్కడైనా బిగించుకోవచ్చు. 2024 జనవరిలో వచ్చిన 10కేలో ఆ వెసులుబాటు తీసేశారు. పైకప్పును కార్బన్‌తో చేసి, అక్కడ మిగిలిన గ్రాములతో వెనకాల పెద్ద బరువును కదలకుండా బిగించారు. అదే 460 సీసీని కాస్త పరిచినట్టు చేశారు కాబట్టి నేలమీద పెట్టినప్పుడు 10కే వెడల్పుగా కనిపిస్తుంది.

10కే అన్న పేరు ఎక్కడిదంటే, జడత్వ భ్రామకం అని మనం ఇంటర్మీడియట్ ఫిజిక్స్‌లో చదువుకున్నదే. గోల్ఫ్ వాళ్ళు ఎంఓఐ అంటారు. హెడ్‌ను గింగిరాలు తిప్పడం ఎంత కష్టమో చెప్పే కొలత. కావడి భుజాన వేసుకున్నప్పుడు కుండలు రెండు చివర్లా ఉంటే గిరుక్కున తిరగలేం, అవే కుండలు భుజం దగ్గరికి జరిపి కట్టుకుంటే సులువుగా తిరుగుతాం. బరువు అంతే, ఉన్న చోటే వేరు. అంచులకు బరువు తోసిన హెడ్, బంతి ఓ పక్కకు తగిలినా తక్కువ తిరుగుతుంది, కాబట్టి వేగమూ దిశా తక్కువ నష్టపోతాయి. ఈ ఆలోచనను గోల్ఫ్‌లోకి బలంగా తెచ్చినవాడు పింగ్ స్థాపకుడు కార్‌స్టెన్ సోల్‌హైమే. జనరల్ ఎలక్ట్రిక్‌లో ఇంజనీరుగా పనిచేస్తూ 1959లో తన మొదటి పటర్ (బంతిని గుంటలోకి దొర్లించే క్లబ్) తయారుచేశాడు. హీల్ (తలలో షాఫ్ట్ వైపు చివర), టో (అవతలి చివర), ఈ రెండింటికీ బరువు పంచడం అప్పటినుంచీ ఆ కంపెనీ ముద్ర. హెడ్ ఎడమాకుడికి తిరగకుండా ఆపే ఎంఓఐకి నిబంధనల ప్రకారం 5,900 గ్రాము చదరపు సెంటీమీటర్లు హద్దు, పైన 100 సడలింపు. కిందామీదకు ఊగకుండా ఆపేదానికి హద్దు లేదు. ఈ రెండింటినీ కలిపితే 10,000 దాటింది కాబట్టి 10కే. రెండు కొలతల మొత్తం అది. మామూలు మ్యాక్స్ కూడా ఎంఓఐలో చిన్నదేమీ కాదు, ఇది రాగానే అది పనికిరానిదైపోలేదు.

ఇప్పుడు మీ జబ్బు దగ్గరికి వద్దాం. ఎంఓఐ సాయం చేసేది బంతి నడుమ తగలనప్పుడు మాత్రమే. ఫేస్ కుడికి తెరుచుకుని ఉండగా బంతి నట్టనడుమ తగిలిందనుకోండి. అప్పుడు ఎంఓఐ పది వేలున్నా, లక్ష ఉన్నా బంతి కుడికే పోతుంది. బంతి బయలుదేరే దిశలో పెద్ద వాటా ఫేస్‌ది. అది వంకర తిరగడం ఫేస్‌కూ స్వింగ్ దారికీ మధ్య ఉన్న కోణం వల్ల. "ఎక్కువగా కుడికే" అని మీరు రాశారు. ఒకసారి ఎడమకూ, ఒకసారి కుడికీ చెదిరిపోయేవాడికి 10కే మంచి మందు. మీలా ఒకే వైపు పోయేవాడికి బరువు హీల్ దగ్గరకు జరిపే సౌకర్యమే ఎక్కువ పనికొస్తుంది. డ్రా వైపు బరువు పెడితే ఫేస్ మూసుకోవడం కొంచెం సులువవుతుంది, కుడి వంపు కొంత తగ్గుతుంది. కొంత అంటున్నాను, గుర్తుంచుకోండి. స్వింగ్ దారి బయటినుంచి లోపలికి కోసుకుంటూ వస్తుంటే ఏ డ్రైవరూ దాన్ని సరిచేయదు. మీ క్లబ్ ప్రో (కోచ్) దగ్గర ఓ నాలుగు పాఠాలు కూడా ఈ ఖర్చులోనే వేసుకోండి.

లాఫ్ట్ కూడా ఇదే వైపు పనిచేస్తుంది. లాఫ్ట్ ఎక్కువుంటే బంతికి వెనక్కి తిరిగే స్పిన్ పెరుగుతుంది, పక్కకు వంగే గుణం ఆ మేరకు అణుగుతుంది. 9 డిగ్రీలది గొప్పవాళ్ళ లాఫ్ట్ అని మన క్లబ్బుల్లో ఒక అపోహ ఉంది. 90 మైళ్ళ వేగానికి 9 డిగ్రీలు చాలా తక్కువ. పైన చెప్పిన ఎల్‌పీజీఏ సగటులో బంతి 13 డిగ్రీల పైచిలుకు కోణంలో లేస్తుంది, స్పిన్ నిమిషానికి సుమారు 2,600 చుట్లు. మీరూ దాదాపు ఆ ఎత్తులోనే లేపాలి. వాళ్ళు బంతిని పైకి ఎత్తుతూ కొడతారు, మనలో ఎక్కువమంది అలా కొట్టం, కాబట్టి ఆ ఎత్తు లాఫ్ట్ నుంచే రావాలి. జీ430 హోజెల్, అంటే షాఫ్ట్ తలలోకి దూరే మెడ, తిప్పి లాఫ్ట్‌ను ఒకటిన్నర డిగ్రీ దాకా అటూఇటూ మార్చుకోవచ్చు. 10.5 తీసుకుంటే 12 దాకా పోవచ్చు, 9 తీసుకుంటే 10.5 దగ్గర ఆగిపోతారు. పైగా హోజెల్‌తో లాఫ్ట్ పెంచితే ఫేస్ కొద్దిగా మూసుకుంటుంది, స్లైస్ (బంతి కుడికి వంగే జబ్బు) ఉన్నవాళ్ళకు అదీ మేలే. ఈస్ట్ పాయింట్‌లో సముద్రపు గాలి ఎదురొచ్చినప్పుడు ఎత్తు బంతి నిలిచిపోతుందన్న భయం ఉంటుంది, నిజమే. అలాంటి హోల్స్‌లో టీ (బంతిని నిలబెట్టే చిన్న పుల్ల) కాస్త దించి, తాపీగా ఊపండి. ఏడాది పొడవునా తక్కువ లాఫ్ట్‌తో ఇబ్బంది పడటంకన్నా అది మెరుగు. రౌండ్ మధ్యలో మాత్రం హోజెల్ గానీ బరువు గానీ మార్చకూడదు, నిబంధన ఒప్పుకోదు.

ఇక ఆ పరీక్ష. ఒక వైట్‌బోర్డు మార్కర్ తీసుకుని బంతి మీద రూపాయి బిళ్ళలో సగమంత చుక్క పెట్టండి. చుక్క క్లబ్ ఫేస్‌కు ఎదురుగా ఉండేలా టీ మీద నిలబెట్టి కొట్టండి. బంతి ఎక్కడ తగిలిందో ఫేస్ మీద అచ్చు పడుతుంది. ప్రతి షాట్‌కూ ఫోన్‌లో ఫోటో తీసుకుని, బంతి ఎటు పోయిందో పక్కన రాసుకుని, గుడ్డతో తుడిచి మళ్ళీ కొట్టండి. ఇరవై బంతులు చాలు.

అచ్చులు నడుమ చుట్టూనే ఉండి బంతి కుడికి పోతోందంటే, మీ సమస్య ఫేస్, దారి. నా సలహా అలాగే నిలుస్తుంది. అచ్చులన్నీ హీల్ వైపు గుమిగూడితే వేరే కథ. హీల్‌కు తగిలిన బంతి తనంతట తనే కుడికి వంగుతుంది. బంతికి మరీ దగ్గరగా నిలబడుతున్నారేమో, షాఫ్ట్ పొడవైందేమో చూసుకోవాలి. గ్రిప్ మీద ఒక అంగుళం కిందకు పట్టుకుని పది బంతులు కొట్టి చూడండి, అచ్చులు నడుమకు వస్తే జబ్బు సగం దొరికినట్టే. అప్పుడు ఏ డ్రైవరైనా కొంచెం పొట్టిగా కోయించి తెప్పించుకోవాలి. అచ్చులు హీల్, టో, పైన, కింద అని ఫేస్ నిండా చల్లినట్టుంటే, బంతులు కూడా రెండువైపులా చెదురుతుంటే, అప్పుడు 10కే తెప్పించుకోండి. నేనేమీ అనుకోను, నా సలహా తప్పని కూడా అనను, అది వేరే మనిషికి వేరే జవాబు. కుడి వంపు మరీ విపరీతంగా ఉందనుకోండి, అదే వరుసలో ఎస్ఎఫ్‌టీ అని పూర్తిగా డ్రా కోసమే చేసిన మూడోది ఉంది, దాన్నీ లెక్కలోకి తీసుకోవాలి.

మీ బావమరిది గారి విషయం. ఆయన ప్రేమను కాదనడం లేదు గానీ, ఆయన కొట్టి చూసింది మీకు పనికిరాదు. హ్యాండిక్యాప్ 6 ఉన్న మనిషి స్వింగ్ వేగం, దారి, తగిలే చోటు అన్నీ మీకన్నా వేరుగా ఉంటాయి. ఆయనకు ఏది బాగుందో అదే తెస్తే ఆయన డ్రైవర్ మీ బ్యాగులోకి వస్తుంది. ఆయన అక్కడినుంచి చేయగల సాయం వేరే ఉంది, చివర్లో చెబుతాను.

వీలైతే సంక్రాంతి లోపల మీరే ఇంకోసారి హైదరాబాద్‌లో కొట్టి చూడండి. ఈసారి రెండు హెడ్‌లకూ ఒకే షాఫ్ట్ వేయమనండి, పింగ్‌లో తల విప్పి బిగించడం నిమిషం పని. లాఫ్ట్ రెండూ 10.5. మీరు రోజూ ఆడే బంతులే తీసుకెళ్ళండి, రేంజ్ (సాధన మైదానం) బంతులు ఎగిరే తీరు వేరు. ఐదు బంతులు దీనితో, ఐదు దానితో, మళ్ళీ ఇది, మళ్ళీ అది. ఒకటి పూర్తిగా అయ్యాక రెండోది పట్టుకుంటే అలసట కూడా లెక్కలో కలిసిపోతుంది. మ్యాక్స్‌లో బరువు డ్రా వైపు ఉందో లేదో మీ కళ్ళతో చూసుకోండి, పోయినసారి ఎక్కడుందో మీరు రాయలేదు, బహుశా న్యూట్రల్‌లోనే ఉంటుంది. యంత్రంలో ఎత్తు సముద్రమట్టం అని పెట్టమనండి. హైదరాబాద్ ఐదు వందల మీటర్ల పైన ఉంది, అక్కడి పలచటి గాలి లెక్కలో బంతి కాస్త ఎక్కువ దూరం పోతుంది, మీరు ఆడేది సముద్రం పక్కన.

అంతా అయ్యాక అన్నిటికన్నా దూరం పోయిన బంతిని చూడకండి. అన్నిటికన్నా చెడ్డగా పోయిన ఐదు బంతులను చూడండి. ఏ డ్రైవర్‌తో ఆ ఐదూ ఫెయిర్‌వేకి (గడ్డి కత్తిరించిన దారికి) దగ్గరగా ఉన్నాయి? మీ స్కోరును అవే నడుపుతాయి. పాతిక గజాలు ఎక్కువ పోతే రెండో షాట్‌కు రెండు క్లబ్బులు తక్కువ పడతాయి, సంతోషమే. అదే బంతి అవుట్ ఆఫ్ బౌండ్స్ (మైదానం హద్దు బయటికి) పోతే మళ్ళీ అదే టీ మీద నుంచి మూడో షాట్ కొట్టాలి. పొదల్లో పోతే వెతకడానికి 2019 నుంచి మూడే నిమిషాలు, దొరక్కపోతే అదే శిక్ష. 19 హ్యాండిక్యాప్ ఆటగాడికి రౌండ్‌లో ఇలాంటివి రెండు తగ్గితే, ఏ 229 గజాల డ్రైవూ ఇవ్వలేని లాభం కార్డు మీద కనిపిస్తుంది.

కళ్ళకు నచ్చడం కూడా లెక్కే. 10కే హెడ్ వెడల్పు కొందరికి ధైర్యాన్నిస్తుంది, కొందరికి గరిట పట్టుకున్నట్టు ఇబ్బందిగా ఉంటుంది. అంకెలు దగ్గరదగ్గరగా వస్తే, దేని మీద నిలబడినప్పుడు భుజాలు వదులవుతాయో దాన్నే తీసుకోండి.

షాఫ్ట్ మీద రాసిన అక్షరాలను మరీ నమ్మకండి. రెగ్యులర్, స్టిఫ్ అన్నవాటికి కంపెనీలన్నిటికీ కలిపి ఒక ప్రమాణం లేదు, ఒకరి స్టిఫ్ ఇంకొకరి రెగ్యులర్ అంత మెత్తగా ఉంటుంది. పింగ్‌లోనే పోల్చుకోండి. 90 వేగానికి రెగ్యులర్‌తో మొదలుపెట్టడం మంచిది, బంతి మరీ ఎడమకు లాగేస్తుంటేనే స్టిఫ్.

ధర మాట. 2025లో జీ440 వచ్చాక జీ430 పాత తరం అయింది. కొత్తదానికోసం ఎక్కువ డబ్బు పెట్టాల్సిన అవసరం మీకు నాకు కనిపించడంలేదు. ఒకరి చేతులు మారిన మంచి క్లబ్ అయినా ఫరవాలేదు, ఫేస్ మీద పగుళ్ళు లేకుండా, తల ఊపితే లోపల గలగలమనకుండా ఉంటే చాలు.

బావమరిది గారికి మీరు పంపాల్సిన చీటీ ఇలా రాయండి. మోడల్ పేరు పూర్తిగా, లాఫ్ట్, షాఫ్ట్ పేరు, ఫ్లెక్స్ (రెగ్యులరా, స్టిఫా అన్నది), కుడిచేతి వాటం. "జీ430 మ్యాక్స్" అంటే దుకాణంలో 10కే చేతికిచ్చే ప్రమాదం ఉంది, పేర్లు అంత దగ్గర. కంపెనీ అధీకృత దుకాణంలోనే కొనమనండి. ఆన్‌లైన్‌లో మరీ చవగ్గా కనిపించేవాటిలో నకిలీలు చాలా ఉన్నాయి. హోజెల్ మీద సీరియల్ నంబర్ ఉందో లేదో చూసి, దాని ఫోటో పంపమనండి. వారంటీ ఇండియాలో చెల్లుతుందా అని బిల్లు కొట్టేముందే అడగమనండి. తల బిగించే రెంచ్ పెట్టెలోనే వస్తుంది, అది మర్చిపోతే ఇక్కడ లాఫ్ట్ మార్చుకోలేరు.

విమానంలో గోల్ఫ్ క్లబ్బులను చేతి సామానులో ఎక్కించరు, చెక్‌ఇన్‌లోనే వేయాలి. తల విప్పినా షాఫ్ట్ మూడున్నర అడుగులు దాటుతుంది, మామూలు సూట్‌కేసులో పట్టదు. ఆయన తన గోల్ఫ్ ట్రావెల్ బ్యాగ్ తెస్తుంటే అందులో సర్దేయవచ్చు, లేకపోతే గట్టి గొట్టం ఒకటి ముందే చూసుకోవాలి. తలను విడిగా బట్టల మధ్య చుట్టి పెట్టమనండి. బిల్లు చేతిలో ఉంచుకోమనండి, కస్టమ్స్ దగ్గర అడిగితే వెతుక్కోవాల్సిన పని ఉండదు.

డ్రైవర్ చేతికొచ్చాక రెంచ్ టక్కుమనే దాకా బిగించి, బరువు డ్రా వైపు, లాఫ్ట్ 10.5 దగ్గర పెట్టి, కనీసం నెల రోజులు దేన్నీ కదపకండి. రెండు బంతులు చెడగానే తిప్పడం మొదలుపెడితే తప్పు స్వింగ్‌దో క్లబ్‌దో ఎప్పటికీ తెలియదు. నెల తర్వాత మార్కర్ పరీక్ష మళ్ళీ చేసి, పాత ఫోటోలు, కొత్త ఫోటోలు పక్కపక్కన పెట్టి నాకు పంపండి. లాఫ్ట్ పెంచాలో వద్దో అప్పుడు చూద్దాం.